అన్నా, యాభై వేలలో మంచి ల్యాప్‌టాప్ చెప్పవా?

జులై వచ్చిందంటే నా ఫోన్‌కి నిద్ర ఉండదు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సీటు అలాట్ అయిన సాయంత్రమే మొదలవుతుంది. "అన్నా, సీఎస్‌ఈ వచ్చింది. బెస్ట్ ల్యాప్‌టాప్ ఏది?" "బ్రో, యాభై వేల లోపు గేమింగ్‌కీ కోడింగ్‌కీ రెండిటికీ పనికొచ్చేది?" ఇంకొకడు ఒక లింక్ పడేసి, కింద "ఓకేనా?" అని అడుగుతాడు. ఎవరికి, ఎందుకు, ఎంతలో అన్నది ఒక్క ముక్క ఉండదు.

పగలంతా మైండ్‌స్పేస్‌లో కోడ్ రాసుకునే ఉద్యోగం నాది. మా కాలేజీ జూనియర్ల కోసం నలుగురు సీనియర్లం కలిసి పెట్టిన వాట్సాప్ గ్రూప్‌కి నేనూ ఒక అడ్మిన్‌ని. జూనియర్లు, వాళ్ల తమ్ముళ్లు, ఆ తమ్ముళ్ల హాస్టల్ రూమ్మేట్లు చేరీ చేరీ వాట్సాప్ పెట్టిన 1,024 మంది హద్దు దగ్గర ఆగింది. జీతం లేదు, ఇంక్రిమెంట్ లేదు. తిట్లు మాత్రం టైముకి వస్తాయి.

ఎవరు ఏమడిగినా మేం ముందు ఎదురు ప్రశ్నలే వేస్తాం. బ్రాంచ్ ఏంటి? కాలేజీకి బస్సులో వెళ్తావా, హాస్టల్లో ఉంటావా? ఇంట్లో ఇప్పటికే ఏదైనా కంప్యూటర్ ఉందా? చివరగా, డబ్బు ఎవరిది? ఈ ఆఖరి ప్రశ్నకి కొందరు ఫీలవుతారు. కానీ సగం జవాబు అందులోనే ఉంటుంది.

ఎందుకంటే మన దగ్గర ఇంజినీరింగ్ అడ్మిషన్లూ, పత్తి సాగు పెట్టుబడులూ ఒకే సీజన్‌లో పడతాయి. నల్గొండ, వరంగల్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో జూన్, జులై అంటే విత్తనాలు, ఎరువులు, కూలీలకి డబ్బు బయటికి పోయే నెలలు. పత్తి చేతికొచ్చేది దసరా తర్వాత. సరిగ్గా ఆ మధ్యలోనే కాలేజీ ఫీజు, హాస్టల్ అడ్వాన్సు, పైన ఒక ల్యాప్‌టాప్. యాభై వేలంటే హైటెక్ సిటీలో ఒక మంచి ఫోన్ రేటు. ఆ ఇంట్లో అది వడ్డీకి తెచ్చిన డబ్బు.

అందుకే ఫస్టియర్ వాళ్లకి నేను ఎక్కువసార్లు చెప్పే సలహా వాళ్లకి అస్సలు నచ్చదు: ఇప్పుడే కొనకు. మొదటి సెమిస్టర్‌లో ఎక్కువ భాగం మ్యాథ్స్, కెమిస్ట్రీ లేదా ఫిజిక్స్, కాస్త సీ ప్రోగ్రామింగ్. సీ ప్రోగ్రామ్ రన్ అవడానికి కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్ చాలు. ఇంట్లో పాతది ఏదైనా ఉంటే ఇంకా మంచిది. దసరా, దీపావళి సేల్స్ వరకు ఆగితే ధర తగ్గే అవకాశం ఉంటుంది. ఈలోపు నీకు ఏం కావాలో నీకే తెలుస్తుంది. "కానీ అన్నా, మా రూమ్‌లో ముగ్గురికీ ఉంది, నాకొక్కడికే లేదు" అంటారు. ఇది ప్రాసెసర్ సమస్య కాదు. దీనికి స్పెసిఫికేషన్ షీట్‌లో జవాబు దొరకదు. పద్దెనిమిదేళ్ల వయసులో కొత్త ఊళ్లో, కొత్త హాస్టల్లో అది ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు కాబట్టి వాదించను. కొనాల్సిందే అంటే, ఇంట్లో వాళ్లని ఇబ్బంది పెట్టకుండా కొనే దారులు చూస్తాం.

ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటున్న వాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటి. బ్యాంకుల సంఘం ఐబీఏ రూపొందించిన మోడల్ ఎడ్యుకేషన్ లోన్ స్కీమ్‌లో, కోర్సు పూర్తి చేయడానికి అవసరమైతే కంప్యూటర్ ఖర్చు కూడా లోన్‌లో కలపొచ్చని ఉంది. బయట అప్పు తెచ్చే ముందు బ్యాంకులో ఈ మాట ఒకసారి అడగండి. ఇక నో కాస్ట్ ఈఎంఐ అన్న మాట చూసి మురిసిపోవద్దు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీని డిస్కౌంట్ రూపంలో సర్దుతారు. కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ భాగం మీద జీఎస్టీ మళ్లీ మనకే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే.

ఏడు పెద్దదా, అయిదు పెద్దదా?

ఒక ఆదివారం తెలియని నంబర్ నుంచి కాల్. "సారూ, నమస్తే. మా పిల్లగాడు మీ నంబర్ ఇచ్చిండు. ఈడ ఒక షాపుల పాత ల్యాప్‌టాప్ ఐ7 పదహారు వేలకే ఇస్తమంటున్నరు. ఇంకోటి ఐ5 ఉంది, అదేమో ఇరవై ఒక్క వెయ్యి చెప్తున్నరు. ఏడు పెద్దదా, అయిదు పెద్దదా సారూ?"

ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ఎవరైనా అలాగే అనుకుంటారు. కంపెనీలు పేర్లు పెట్టిందే అలా అనుకోవడానికి. నేను అడిగింది ఒక్కటే: "ఐ7 పక్కన చిన్న అక్షరాల్లో నాలుగు అంకెలు ఉంటాయి, చదవండి." 6600 అని చదివారు, చివర యూ. ఐ5 మీద 8250, చివర మళ్లీ యూ.

ఆ నాలుగంకెల్లో మొదటిది జనరేషన్. ఐ7-6600యూ 2015లో వచ్చిన ఆరో తరం చిప్, దాంట్లో ఉన్నవి రెండు కోర్లు. ఐ5-8250యూ 2017లో వచ్చిన ఎనిమిదో తరం, నాలుగు కోర్లు. అంటే ఆ ఇద్దరిలో అయిదే పెద్ద. ఇంకో తేడా కోర్ల కంటే ముఖ్యం. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అధికారికంగా సపోర్ట్ ఇచ్చేది ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఎన్‌రోల్ చేసుకున్న వాళ్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ వరకు వస్తాయి, అంతే. నాలుగేళ్ల డిగ్రీకి కొంటున్న మెషిన్ ఫస్టియర్‌లోనే పాతబడిపోతుంది.

ఆయనకి ఇదంతా చెప్పలేదు. "ఆరుతో మొదలయ్యేది, ఏడుతో మొదలయ్యేది వద్దు. ఎనిమిది గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటేనే తీసుకోండి. పదో తరం నుంచి ముందు రెండు అంకెలు చూడాలి, 10, 11, 12 అని" అని చెప్పా. ఆయన ఫోన్ పెట్టకుండానే షాపు అబ్బాయితో "ఎనిమిది చూపియ్యి" అనడం వినిపించింది. ఇప్పుడు ఆ ఒక్క లైన్‌ని గ్రూప్‌లో పిన్ చేసి పెట్టాం.

ఏఎండీ వాళ్లు తక్కువేం తినలేదు. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. కానీ ఈ 7000 సిరీస్ పేర్లలో అసలు సంగతి మూడో అంకె చెబుతుంది. 2 ఉంటే పాత జెన్ 2 డిజైన్, 3 ఉంటే జెన్ 3. మొదటి దానికి నాలుగు కోర్లు, రెండో దానికి ఆరు. ఒక్క అంకె తేడా. ఇంటెల్ ఏమో 2023 డిసెంబర్ నుంచి కోర్ అల్ట్రా అని ఇంకో వరుస పేర్లు తెచ్చింది. పేర్లు పెట్టే ఈ మనుషుల్ని ఒక్కసారి మా గ్రూప్‌కి అడ్మిన్లుగా కూర్చోబెట్టాలని నా కోరిక.

ప్యారడైజ్ దగ్గర దిగితే

ఆన్‌లైన్‌లో కొనొచ్చు కదా, షాపుకెందుకు అని అడిగేవాళ్లుంటారు. కొత్తదైతే కొనొచ్చు. పాతది మాత్రం చేత్తో పట్టుకుని చూడాలి. రాయదుర్గం నుంచి బ్లూ లైన్ మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే పార్క్‌లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్ అక్కడి నుంచి దగ్గరే. హైదరాబాద్‌లో కంప్యూటర్ అన్న మాటకి చాలా ఏళ్లు సీటీసీయే అడ్రస్. డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకోవాలన్నా, హార్డ్ డిస్క్ పోయినా, ప్రింటర్ ఇంక్ అయినా అక్కడికే. మధ్యలో అమీర్‌పేట ఉంది. కోచింగ్ సెంటర్ల పక్కనే ల్యాప్‌టాప్ షాపులు.

ఈ సెకండ్ హ్యాండ్ సరుకులో పెద్ద భాగం వచ్చేది మనం పనిచేసే లాంటి ఆఫీసుల నుంచే. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన దగ్గర్నుంచి ఈ కారిడార్ ల్యాప్‌టాప్‌లని వాడి పారేస్తూనే ఉంది. కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి మెషిన్లు మారుస్తాయి. పాతవి లాట్లుగా అమ్ముడుపోతాయి, లేదా లీజు తీరి వెనక్కి వెళ్తాయి. వాటిని తుడిచి, బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ మార్చి అమ్మేవాళ్లని రీఫర్బిషర్లు అంటారు. నిజానికి ఇవి మంచి సరుకు. ఆఫీసుల కోసం చేసిన ల్యాప్‌టాప్‌లు గట్టిగా ఉంటాయి, కీబోర్డ్ బాగుంటుంది, ర్యామ్ మార్చుకోవడం చాలా వాటిలో సులువు. ఇరవై రెండు వేలకి రెండు కోర్ల సెలెరాన్, 4 జీబీ ర్యామ్‌తో వచ్చే కొత్త ల్యాప్‌టాప్ కంటే, అదే డబ్బుకి మంచి రీఫర్బిష్డ్ మెషిన్ వంద రెట్లు నయమని నా అభిప్రాయం. దీని మీద గ్రూప్‌లో గొడవ పెట్టుకోవడానికి నేను ఎప్పుడూ రెడీ.

కాకపోతే ఆ లాట్లలోకి రాకూడనివి కూడా వస్తుంటాయి. ఉద్యోగం మానేసినవాడు తిరిగి ఇవ్వని ల్యాప్‌టాప్, హాస్టల్లో మాయమైనది. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ, గచ్చిబౌలి హాస్టళ్లలో ఉన్నవాళ్లకి ఈ రెండో రకం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మా గ్రూప్‌లో ఇలాంటి పోస్టులు వస్తుంటాయి. "కంపెనీ ల్యాప్‌టాప్, టాప్ కండిషన్, బిల్ లేదు, 15కే ఫైనల్." చూసిన వెంటనే డిలీట్ చేస్తాం. అమ్మేవాడు "నన్ను దొంగ అంటున్నావా?" అని పర్సనల్‌గా ఫోన్ చేసి అరుస్తాడు. అనడం లేదు బాబూ, బిల్ పెట్టమంటున్నా. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం. పదిహేను వేలకి ఆశపడిన ఫస్టియర్ పిల్లాడు పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాల్సి వస్తే, ఈ ఫోన్ చేసినవాడు పక్కన ఉండడు.

కొనేముందు షాపులోనే చేయించాల్సిన పని ఒకటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేసి, సెటప్‌ని మొదటి నుంచి నడపండి. కంపెనీలు తమ మెషిన్లని రిజిస్టర్ చేసి పెట్టుకుంటాయి. అలా రిజిస్టర్ అయి ఉంటే, నెట్ తగలగానే ఫలానా కంపెనీకి స్వాగతం అంటూ ఆఫీసు లాగిన్ అడుగుతుంది. అడిగిందంటే కింద పెట్టేసి బయటికి వచ్చేయండి. నెట్ లేకుండా సెటప్ చేసి చూపిస్తామంటే ఇంకా త్వరగా వచ్చేయండి. బయాస్‌లోకి వెళ్లి చూడండి, పాస్‌వర్డ్ అడిగితే అదీ వద్దు. తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఇప్పుడున్న ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కన ఉంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి వచ్చిందంటే కొత్త బ్యాటరీ డబ్బులు ధరలోంచి తీసేయమని అడగండి.

బిల్లు గురించి ఒక మాట. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. "బిల్ లేకుండా అయితే తగ్గిస్తాం" అన్న మాట ఎక్కడ వినిపించినా, ఆ తగ్గింపు వారంటీలోంచి తగ్గుతోందని అర్థం చేసుకోండి. కొత్తదైతే అడుగున ఉన్న సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొట్టండి. వారంటీ ఆరు నెలల కిందటే మొదలైపోయిన 'కొత్త' ల్యాప్‌టాప్‌లు కూడా ఉంటాయి.

ఏఐ సీటు వచ్చింది కాబట్టి...

ఇది ఈ మధ్య కొత్తగా మొదలైన జబ్బు. సీఎస్‌ఈ ఏఐ అండ్ ఎంఎల్‌లో సీటు వస్తే, గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ తప్పనిసరి అని పిల్లలు ఇంట్లో చెబుతున్నారు. పాపం నాన్నలు నమ్ముతున్నారు. నేను ఇంట్లో వాళ్ల పక్షమే. ఎక్కువమంది కొనే ఆర్‌టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్ చిప్‌లో మెమరీ 4 లేదా 6 జీబీ. గూగుల్ కొలాబ్‌లో పరిమితులతోనే అయినా ఉచితంగా దొరికే టీ4 జీపీయూ మెమరీ 16 జీబీ. కాలేజీలో మీరు చేసే మోడల్స్‌కి అది సరిపోతుంది. పైగా ఘట్‌కేసర్‌కో, మొయినాబాద్‌కో కాలేజీ బస్సులో రోజూ రెండున్నర కిలోల ల్యాప్‌టాప్, ఇటుకరాయంత చార్జర్ మోసి చూడండి. రెండో నెల నుంచి అది రూమ్‌లోనే ఉంటుంది.

గేమ్స్ కోసం కావాలా? అలా అని చెప్పండి, తప్పేం లేదు. నాన్నకి ఆ మాట చెప్పి కొనిపించుకోగలిగితే నేనే మంచి మోడల్ వెతికి పెడతా.

గ్రాఫిక్స్‌కి పెట్టే డబ్బులో కొంత ర్యామ్‌కి పెట్టండి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ నడవాలంటే గూగులే 16 జీబీ అడుగుతోంది. ఇదివరకు "8 జీబీది తీసుకో, తర్వాత ఇంకో స్టిక్ వేసుకో" అని తేలిగ్గా చెప్పేవాళ్లం. 2025 చివరి నుంచి ఆ మాట చెప్పడం కష్టమైంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లని ఎగరేసుకుపోవడంతో ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో మనకి ర్యామ్ అమ్మిన మైక్రాన్ అయితే ఆ వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకునే వీలే ఉండదు. కాబట్టి ముందే చూసుకోండి.

అడ్మిన్ అంటే...

సలహా చెప్పడం తేలిక. సలహా చెప్పే చోటు శుభ్రంగా ఉంచడమే కష్టం. ఇంటెల్, ఏఎండీ ఫ్యాన్స్ కొట్టుకోవడం సంక్రాంతి సినిమాల ఫ్యాన్ వార్‌లకి ఏమాత్రం తీసిపోదు. "మ్యాక్ కొనుక్కోరా, లైఫ్ సెట్" అని ముప్పై వేల బడ్జెట్ చెప్పినవాడికి సలహా ఇచ్చే మహానుభావులుంటారు. కమీషన్ వచ్చే లింకులు గుట్టుగా పెట్టేవాళ్లుంటారు. 2023 ఆగస్టు 3న కేంద్రం ల్యాప్‌టాప్ దిగుమతులపై ఆంక్షలు ప్రకటించిన రోజు మా గ్రూప్‌లో పెట్రోల్ బంకు ముందు క్యూలాంటి వాతావరణం. రేపటి నుంచి ధర డబుల్ అవుతుందని ఫార్వర్డ్‌లు. మేం చెప్పింది ఒకటే, అధికారిక నోటిఫికేషన్ చదవకుండా ఎవరూ ఏమీ పోస్ట్ చేయొద్దని. మర్నాడే ప్రభుత్వం దాన్ని అక్టోబర్ చివరి వరకు వాయిదా వేసింది.

"అన్నా, నీ క్రెడిట్ కార్డ్ మీద అయిదు వేలు డిస్కౌంట్ వస్తుంది, కొనిపెట్టవా, నెలనెలా ఇచ్చేస్తా" అన్నది ఇంకో రకం. గ్రూప్‌లో కార్డ్ అడగడం మేం నిషేధించాం. అడిగిన ప్రతివాడూ ఎగ్గొడతాడని కాదు. ఒక్కడు ఎగ్గొట్టినా, తర్వాత నిజంగా కష్టంలో ఉన్న పదిమందిని సీనియర్లు అనుమానంగా చూస్తారు. అడ్వాన్స్ కట్టించుకుని మాయమైన ఆన్‌లైన్ సెల్లర్ల బాధితులకి మాత్రం వెంటనే 1930 నంబర్ ఇస్తాం. ఎంత త్వరగా ఫోన్ చేస్తే, డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ముందు గ్రూప్‌లో కథ చెప్పి ఓదార్పు తీసుకుని తర్వాత ఫోన్ చేస్తామంటే కుదరదు.

మేం అందరికంటే కఠినంగా ఉండేది ఒక్క విషయంలో. ఒక అమ్మాయి గ్రూప్‌లో "అన్నా, ఈసీఈకి ఏది తీసుకోవాలి?" అని అడుగుతుంది. గ్రూప్‌లో మూడు జవాబులు వస్తాయి. ఆమె పర్సనల్ ఇన్‌బాక్స్‌లో పదకొండు వస్తాయి. "హాయ్, నేను హెల్ప్ చేస్తా." "ఏ కాలేజ్?" "డీపీ బాగుంది." ఇలాంటి స్క్రీన్‌షాట్లు మాకు పంపినప్పుడు ఆ పిల్లలు ముందు రాసే మాట "సారీ అన్నా, డిస్టర్బ్ చేస్తున్నా" అని. వాళ్లెందుకు సారీ చెప్పాలి? కొందరైతే ఏమీ చెప్పకుండా గ్రూప్‌లోంచి వెళ్లిపోతారు. ఎవరూ గమనించరు. ల్యాప్‌టాప్ సలహా కూడా వాళ్లకి ఇంకెక్కడా దొరకదు, ఎవరో అంకుల్ చెప్పింది కొనుక్కుంటారు.

రూల్ చిన్నది. సలహా గ్రూప్‌లోనే చెప్పాలి. అడగకుండా ఇన్‌బాక్స్‌లోకి వెళ్తే మొదటిసారికే బయటికి, వార్నింగ్ ఉండదు. "జస్ట్ హాయ్ అన్నాను కదా" అని వాదిస్తారు. స్నేహితుడు వచ్చి రికమెండేషన్ చేస్తాడు. మా అడ్మిన్లలోనే ఒకడికి ఇది మరీ ఎక్కువనిపించింది, చాలా రోజులు వాదించుకున్నాం. చివరికి అతని చెల్లెలే ఒక స్క్రీన్‌షాట్ పంపాక ఆ చర్చ ఆగింది. వద్దన్నా వదలకుండా మెసేజ్‌లు పెట్టడం బీఎన్‌ఎస్ సెక్షన్ 78 కింద స్టాకింగ్. అంతదాకా పోతే షీ టీమ్స్ దగ్గరికి వెళ్లమనే చెబుతాం, తోడు కూడా వెళ్తాం. వాట్సాప్ గ్రూప్‌లో చేరితే మన నంబర్ అందరికీ కనిపించడమే అసలు చిక్కు. అందుకే సలహాల విభాగాన్ని టెలిగ్రామ్‌కి మార్చాం, అక్కడ నంబర్ దాచుకోవచ్చు. మారిన తర్వాత ప్రశ్నలు అడిగే అమ్మాయిల సంఖ్య పెరిగింది. జవాబులు చెప్పేవాళ్లలో కూడా. ఇప్పుడు డిస్‌ప్లేల గురించి మా అందరికంటే బాగా చెప్పేది ఒక థర్డ్ ఇయర్ అమ్మాయి.

"ఎవడో ఏదో పోస్ట్ చేస్తే అడ్మిన్‌ని పట్టుకెళ్తారట కదా" అని మా అమ్మ భయం. సభ్యుడు పెట్టిన పోస్టుకి కేవలం అడ్మిన్ అయినందుకే బాధ్యుణ్ని చేయలేమని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పాయి. అమ్మకి ఆ వార్త చూపించా. "అయితే రాత్రి పన్నెండింటికి ఆ ఫోన్ ఎందుకు చూస్తున్నావ్?" అంది.

ఈ సీజన్‌కి కొత్త తలనొప్పి చాట్‌బాట్ జవాబులు. జూనియర్ అడగ్గానే ఎవరో ఏఐని అడిగి, వచ్చిందంతా అలాగే పేస్ట్ చేస్తున్నారు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. అందులో చెప్పిన మోడల్ ఇండియాలో అమ్మరు, ధర రెండేళ్ల కిందటిది. పోయిన వారం నలుగురం కూర్చుని రూల్స్‌లో ఇంకో లైన్ చేర్చాం. ఏ మోడల్ చెప్పినా, ఆ రోజు అది ఎక్కడ, ఎంతకి దొరుకుతోందో మీరే చూసి రాయాలి. చూసే ఓపిక లేకపోతే ప్రశ్నని వదిలేయండి, ఇంకెవరైనా చెబుతారు.